ఒక్కసారే వెళ్లిన గీత

ఉముఎజికే ఆర్ట్ కాలేజీలో ఒబిదియా నోటికి జడవని వాళ్లు ఇద్దరే ఇద్దరు. ఒకడు గేటు దగ్గర కూర్చునే చెవిటి వాచ్‌మన్. రెండో మనిషి ప్రిన్సిపాల్ ఉలోమా. వాచ్‌మన్‌ది నిజమే. ప్రిన్సిపాల్‌ది అందరూ అలా అనుకున్నారంతే.

ఒబిదియా ఉద్యోగం నిలబడటం. నవ్వకండి, నిలబడటమే. బొమ్మల గది మధ్యలో ఒక చెక్కపెట్టె ఉంటుంది. దానిమీదికెక్కి, యామ్ దుంపలు దంచే రోకలి ఎత్తినట్టు ఒకసారి, నెత్తిమీద కుండ దించుతున్నట్టు ఒకసారి, సంతలో ఎవత్తెతోనో జగడానికి దిగినట్టు ఒకసారి నిలబడాలి. ఒక్కో భంగిమకి రెండే నిమిషాలు. గంట కొట్టగానే మార్చెయ్యాలి. చుట్టూ ఇరవై మంది పిల్లలు నేలమీద కాగితాలు పరుచుకుని, కుంచె సిరాలో ముంచి, ఆ రెండు నిమిషాల్లో మనిషిని కాగితం మీదికి దించాలి. పెన్సిల్ ముట్టకూడదు, చెరపకూడదు. తప్పితే తప్పినట్టే, ఆ కాగితం పక్కన పడేసి ఇంకోటి అందుకోవడమే.

జగడం భంగిమకి మాత్రం ఆమె నటించాల్సిన పనే లేదని పిల్లలు చాటుగా నవ్వుకునేవాళ్లు.

విరామం ఇవ్వగానే పెట్టె దిగి, అరిటాకులో ఉడికిన ఓక్పా పప్పుముద్ద విప్పుకుని, నములుతూ ఆ కాగితాల మధ్య నడిచేది. పిల్లలకి అసలు పరీక్ష అప్పుడు మొదలయ్యేది.

"ఇదెవరు నాయనా, నేనేనా? నా నడుం విరిగి ఎన్నాళ్లయిందేం?"

"చెయ్యా ఇది, తలుపు గొళ్లెమా?"

"నీ గీత ఒక అడుగు వేసి, ఆగి, దారి అడిగి, మళ్లీ ఇంకో అడుగు వేస్తోందమ్మా. ఎక్కడికెళ్లాలో తెలియనప్పుడు ఇంట్లోంచి బయల్దేరడం ఎందుకు?"

అకున్నా అనే పిల్ల ఆ చివరి మాటకి వారం రోజులు ఏడ్చి, కాలేజీ మానేసి, కుట్టుపని నేర్చుకోవడానికి పోయింది. ఆ సంగతి ఎవరో చెబితే ఒబిదియా ఓక్పా మింగి, "మంచిదేగా, మిషన్ అయినా సూటిగా వెళ్తుంది" అంది. గదిలో అందరూ నవ్వారు. నవ్వకపోతే తరువాతి వంతు తమదే అవుతుందని వాళ్లకి తెలుసు.

ప్రిన్సిపాల్‌ని కూడా వదల్లేదు మహాతల్లి. ఉలోమా మేడమ్ ఎప్పుడో పై చదువుల్లో వేసుకున్న సిరా బొమ్మ ఒకటి ఆఫీసు గోడకి అద్దం కట్టి ఉండేది, కట్టెలమోపు మోస్తున్న ఆడమనిషిది. ఒబిదియా ఒకరోజు సెలవు చీటీ ఇవ్వడానికి వెళ్లి, దాన్ని పైనుంచి కిందిదాకా చూసి, గుమస్తాల ముందరే అనేసింది. "ఇది మనిషిని చూసి గీసింది కాదు, మనిషి గురించి చదివి గీసింది." ప్రిన్సిపాల్ పకపకా నవ్వింది. మర్నాటికి గోడమీద ఆ బొమ్మ లేదు. తన మాటకి అంత విలువ ఇచ్చిందని ఒబిదియా వాడంతా చెప్పుకుని మురిసిపోయింది. ఎంత తెలివో చూడండి!

ఆమె అన్నవి అబద్ధాలైతే పీడా పోయేది. నిజాలు. అదే పిల్లల ఖర్మ. ఆ కన్ను తల్లినుంచి వచ్చింది. తల్లి ఉగ్బానా ఊలి గీసే మనిషి. పెళ్లికూతుళ్ల వీపులమీద, పట్టం కట్టుకునే పెద్దల భార్యల మెడలమీద, చేతులమీద, తాటి ఈనె పుల్లతో ఊలి కాయ రసం అద్ది గీతలు పెట్టేది. ఆ రసం పెట్టేటప్పుడు నీళ్లే. కంటికి తడి తప్ప ఏమీ ఆనదు. తెల్లారేసరికి నల్లగా పైకి తేలుతుంది, ఎనిమిది రోజులు ఏం పెట్టి రుద్దినా పోదు. కనిపించని గీత గీసేవాళ్లు ఒక్కసారే గీయాలి. పుల్ల చర్మాన్ని తాకక ముందే గీత మనసులో పూర్తయిపోవాలి. రెండోసారి వెళ్తే తెల్లారాక ఊరంతా చూస్తుంది. చర్చి ఆడవాళ్లు ఊలి పాపమన్నాక ఒంటిమీద గీయించుకునే వాళ్లే కరువయ్యారు. అప్పుడే ఒబిదియా ఈ పెట్టె ఎక్కింది.

అందుకే ఆమెకి కాగితం మీద సిరా ఆరకముందే అంతా తెలిసిపోయేది. కుంచె ఒత్తుకున్న చోట మనిషి బరువుంటుంది. తేలిన చోట ఊపిరి ఉంటుంది. సిరా చాలక గీత గరుకుగా చీలిందంటే అక్కడ తొందర ఉంది, ఆ తొందరలో ప్రాణం ఉంది. ఒక్కోసారి గీయకుండా వదిలేసిన ఖాళీలోనే వీపంతా కనిపిస్తుంది. ఇదంతా ఆమె ఏనాడూ ఎవరికీ విడమర్చి చెప్పిన పాపాన పోలేదు. చెడ్డ బొమ్మ కనిపిస్తే ఆగేది. మంచి బొమ్మ కనిపిస్తే నోరు మూసుకుని దాటిపోయేది. అదే ఆవిడగారి మెచ్చుకోలు! ఆ సంగతి గీసినవాడికి ఎలా తెలుస్తుంది?

ఇలా ఉండగా డ్రాయింగ్ టీచరు రిటైరయ్యాడు. ఊలి తెలిసినవాళ్లయితే డిగ్రీ లేకపోయినా ఫరవాలేదని కాలేజీ బోర్డు కబురు పెట్టింది. ఒబిదియా గుండె లేచి గంతులేసింది. యాభై మూడేళ్లు. మోకాళ్లు పెట్టె మీద వణుకుతున్నాయి. అది ఒక సంగతి. తల్లి చేతి గీత తనతోనే మట్టిలో కలిసిపోకుండా ఉండాలంటే ఆ కుర్చీ కావాలి. అది అసలు సంగతి. జీవితంలో ఆమె ఏదైనా కావాలని గట్టిగా కోరుకుందంటే అదొక్కటే.

పోటీకి వచ్చినవాడు పోలికార్ప్. ఆ కాలేజీలోనే చదివి పట్టా పుచ్చుకున్న కుర్రాడు, చర్చి ఉపదేశి గారబ్బాయి, కళ్లజోడు, ఇస్త్రీ చొక్కా. ఊలి గీత గురించి నలభై పేజీల వ్యాసం రాశాడు. వాడి సిరా బొమ్మలు చూసి సందర్శకులు ఆహా అనేవాళ్లు. ఒబిదియా ఒకసారి వాడి కాగితం ఎత్తి కిటికీ వెలుగుకి పట్టింది.

"పోలికార్పూ, ఈ సిరా కింద బూడిదరంగు చారలేంటి నాన్నా?"

"అవి... కాగితంలోనే ఉన్నాయమ్మా."

"ఔనా? ముందు పెన్సిల్‌తో ఇల్లు కట్టుకుని, తరువాత సిరాతో అందులో కాపురం పెట్టావనుకున్నాలే. రెండు నిమిషాల్లో గీసినట్టు కనిపించడానికి ఎన్ని గంటలు పట్టిందేం?"

వాడి మొహం మాడిపోయింది. గది గొల్లుమంది.

పరీక్ష శనివారం పెట్టారు. బోర్డు ఛైర్మన్ ఎనుగు పట్నం నుంచి కారులో వచ్చాడు. అతిథి మర్యాదకి కోలా కాయ విరిచి పంచారు, దీవెనలయ్యాయి. కాగితం వద్దు, మన సిరాతో మన చర్మం మీదే గీయాలని ఆయన పట్టుబట్టాడు. పట్నంలో పెద్ద మేడలో ఉండేవాళ్లకే ఇలాంటి ముచ్చట్లు పుడతాయి. ఎవరి చర్మం అంటే ప్రిన్సిపాల్ రెండు చేతులూ చాపింది. ఎడమ చేయి పోలికార్ప్‌ది, కుడి చేయి ఒబిదియాది. వాకిట్లో మూడో సంవత్సరం చదివే పిల్ల ఒకతె డోలు చప్పుడుకి ఆడుతుంది. రెండు నిమిషాల్లో ఆ ఆటని చేతిమీదికి తేవాలి.

ముందు పోలికార్ప్ కూర్చున్నాడు. పుల్ల ముంచాడు, గీశాడు. గీత కనబడలేదు. పాపం, పెన్సిల్ చారలకి అలవాటు పడ్డ కన్ను. అక్కడే మళ్లీ గీశాడు. ఎక్కడ మొదలెట్టాడో మర్చిపోయి ఇంకో మూడుసార్లు గీశాడు. ఎదురుగా నిలబడ్డ ఒబిదియా వేళ్లమీద లెక్కపెట్టి, పక్కనున్న వాళ్లకి వినబడేలా "మెడకే ఐదు" అంది. వాడు గబుక్కున మెడ వదిలేసి వీపుకి దిగాడు.

తరువాత ఆమె వంతు. ఒక నిమిషం పాటు పుల్ల ముట్టనే లేదు. ఆడే పిల్లని కళ్లతో మింగేసేలా చూస్తూ కూర్చుంది. ఛైర్మన్ గడియారం చూసుకున్నాడు. పిల్ల ఒక కాలు ఎత్తి, చేయి విసిరి, తల వెనక్కి వాల్చిన క్షణంలో ఆమె పుల్ల ప్రిన్సిపాల్ మోచేతి దగ్గర ఆనింది. మెడనుంచి వీపుమీదుగా, తుంటి తిరిగి, ఎత్తిన కాలి వేళ్లదాకా ఒకే గీత. విసిరిన చేతికి ఒకటి. తలకి చిన్న వంపు. నిలబడ్డ కాలికి ఒకటి, అక్కడ మాత్రం పుల్ల కొంచెం నొక్కింది, బరువంతా అక్కడే కదా. రెండో చేయి గీయనేలేదు. లేచి నిలబడింది.

ఇక ప్రిన్సిపాల్ చేతులు చూస్తే రెండూ ఒకేలా ఉన్నాయి. నీళ్లు చిలకరించుకుని తుడుచుకోవడం మర్చిపోయినట్టు.

"రేపు పొద్దున్న చూడండి" అంది ఒబిదియా.

"రేపటిదాకా నేనుండలేనమ్మా, చీకటి పడకముందే ఎనుగు చేరాలి" అన్నాడు ఛైర్మన్. "మీ చేతులే కదా ప్రిన్సిపాల్ గారూ, మీరే చెప్పండి. మీ మాటే బోర్డు మాట."

ప్రిన్సిపాల్ కళ్లు మూసుకుంది. తరువాత కళ్లు తెరిచి, ఎవరివైపూ చూడకుండా, "పోలికార్ప్" అంది. వాడు పని చేసిన తీరులో శ్రద్ధ ఉందంది, ప్రతి అంగాన్నీ ఓపిగ్గా వెతికాడంది, ఒబిదియా సగం బొమ్మ వదిలేసి లేచిందంది. ఛైర్మన్ తల ఊపాడు. వాడికి ఉద్యోగం ఇస్తూ ఉత్తరం టైపు చేయించడం, సంతకాలు అన్నీ ఆ పూటే అయిపోయాయి.

ఒబిదియా ఒళ్లు భగ్గుమంది. ఆ నోరు ఊరుకుంటుందా?

"కళ్లున్నవాళ్లు పెట్టిన పరీక్ష అనుకున్నానే! అబ్బబ్బ, ఏం చూపు ప్రిన్సిపాలమ్మా, ఏం చూపు! రేపు స్నానానికి వెళ్లినప్పుడు ఎడమ చేయి చూసుకోండి. కోళ్లు పెంట తవ్వినట్టుంటుంది. ఎనిమిది రోజులు కప్పుకు తిరగండి. గోడమీది బొమ్మలాగా ఊడదీసి దాచడానికి కుదరదు మరి!"

కొంగు దులుపుకుని బయటికి నడిచింది. గేటు దాటాక ఏడ్చింది, ఎవరూ చూడలేదు.

ఆదివారం పొద్దున్నే, మొదటి పూజ గంట కొట్టకముందే, ప్రిన్సిపాల్ ఆమె ఇంటి ముందు నిలబడి ఉంది. ఎర్రదుమ్ము గాలిలో, అప్పుడే ఎక్కుతున్న ఎండలో, మణికట్టు దాకా చేతులున్న తెల్ల లేసు రవిక. ఒబిదియా దుంపలు చెక్కుతూ కత్తి ఆపింది, లేవలేదు.

"ఏంటి ప్రిన్సిపాలమ్మా, దారి తప్పారా? చర్చి అటువైపు. పొడుగు చేతులు బాగున్నాయి, ఉక్క పోయడం లేదూ?"

ప్రిన్సిపాల్ పీట లాక్కుని కూర్చుని రవిక చేతులు రెండూ పైకి మడిచింది.

కుడి చేతిమీద పిల్ల ఆడుతోంది. నాలుగే గీతలు, నల్లగా, మెరుస్తూ. గీయని రెండో చేయి కూడా ఎక్కడుందో తెలుస్తోంది. ఎడమ చేతిమీద ముళ్లకంప. మెడ ఎక్కడో, మోకాలు ఎక్కడో, దేవుడికే తెలియాలి.

"ఇప్పుడు కనిపించిందా?" అంది ఒబిదియా. పెట్టె ఎక్కిన పన్నెండేళ్లలో ఏ మాట అన్నా ఆమె నోటికి ఇంత తియ్యగా తగిలి ఉండదు.

"నిన్ననే కనిపించింది."

"నిన్న నీళ్లలా ఉంటేను?"

"కంటికి నీళ్లే. చర్మానికి కాదుగా. వాడి పుల్ల ఒకేచోట ఐదుసార్లు గోకింది. నీది ఒక్కసారే వెళ్లింది. ఎక్కడ నొక్కిందో, ఎక్కడ తేలిందో నా చేతికి తెలుస్తూనే ఉంది. ఒళ్లు ఝల్లుమంది ఒబిదియా. కళ్లు మూసుకున్నా ఆ పిల్ల కనబడింది."

"మరి?"

"మరి వాడికే ఇచ్చాను."

ఒబిదియా చేతిలో దుంప జారి బుట్టలో పడింది. "ఎందుకు?"

"నీ నోరు ఆ కుర్చీలో కూర్చోవడం ఇష్టం లేక. పెట్టె మీద ఉండగానే ఇరవై మందిని ఏడిపిస్తున్నావు. రేపు మార్కులు కూడా నీ చేతికిస్తే ఎంతమంది మిగులుతారు? ఇంకా ఉంది, దాచను. నా బొమ్మని గుమస్తాల ముందు అంతమాట అన్నావు. నిజమే అన్నావు. అందుకే ఇంకా మండింది. ఆ రోజునుంచి నేను కుంచె పట్టలేదు, తెలుసా?"

తెలియదు. ఎలా తెలుస్తుంది? ఒబిదియా కత్తి కింద పెట్టేసింది.

"అలాగని నిన్న చేసింది న్యాయం కాదు. రాత్రంతా నిద్రలేదు" అంటూ ప్రిన్సిపాల్ సంచీలోంచి కవరు తీసింది. "ఉత్తరం ఇంకా నా దగ్గరే ఉంది. రేపు పోస్టులో పడాలి. పడకుండా ఆపగలను, ఛైర్మన్‌కి ఈ రెండు చేతులూ చూపించి నేనే తప్పు చెప్పానని ఒప్పుకోగలను. కానీ నువ్వొక పని చెయ్యాలి. ఈ ఎడమ చేతిమీద బతికున్న గీత ఒక్కటి చూపించు."

"ఇందులోనా?"

"ఇందులోనే. గీయడం వచ్చిన వాళ్లందరికీ నేర్పడం రాదు. పిల్లవాడు తొంభై తొమ్మిది తప్పులు చేస్తే నూరోది పట్టుకుని చూపించే మనిషి కావాలి నాకు. ఉందో లేదో నాకు తెలియదు. నీ కన్ను నాకు లేదు. ఉంటే నువ్వే చూడాలి."

"ఏముంటుంది, చెత్తకుప్పలో!" నోరు అలవాటుగా అనేసింది.

ప్రిన్సిపాల్ రవిక చేతులు దించుకుంది. కవరు సంచీలో పెట్టుకుని లేచి కంచె దాకా నడిచింది.

"ఆగండి" అంది ఒబిదియా.

వెళ్లి ఆ ఎడమ చేయి పట్టుకుని, రవిక చేయి పైకి మడిచింది. ఎండలోకి తిప్పింది. మెడ చూసింది, ఐదు గీతలు, ఒక్కదానికీ దిక్కు లేదు. వీపు చూసింది, పిరికి గీత, అడుగడుక్కీ ఆగింది. చేతులు చెప్పనే అక్కర్లేదు. నిజం చెప్పాలంటే ఏమీ దొరకకూడదనే ఆమె కోరిక. దొరకకపోతే తన మాటే నెగ్గుతుంది, కుర్చీ పోతే పోనీ. అంత గర్వం ఆమెది. మోకాలు దాటింది, పిక్క దాటింది. అక్కడ ఆగిపోయింది. చూపు వెనక్కి లాక్కోవాలనుకుంది, రాలేదు.

"ఇక్కడ" అంది చివరికి.

"ఏది?"

"ఈ మడమ. నేలమీంచి లేస్తున్న మడమ. ఇక్కడొక్కచోటే రెండోసారి వెళ్లలేదు వాడు. ఇక్కడ మిమ్మల్ని మర్చిపోయాడు, ఛైర్మన్‌ని మర్చిపోయాడు, ఎదురుగా వేళ్లు లెక్కపెడుతున్న నన్నూ మర్చిపోయాడు. ఆ పిల్ల కాలొక్కటే చూశాడు. చూశారా, కింద కొంచెం నొక్కి, లేచేచోట ఎలా సన్నబడిందో? మట్టి వదలడం ఇష్టం లేనట్టు లేచింది. ఇది..." కడుపులోంచి ముల్లు పీకినంత కష్టపడి అంది. "ఇది బాగుంది."

ప్రిన్సిపాల్ చేయి కళ్లకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసుకుంది. "నాకు కనిపించలేదు సుమా" అంది. కవరు తీసి రెండుగా చింపి ఒబిదియా పొయ్యిలో పడేసింది. "రేపు ఎనిమిదింటికి రా. పెట్టె దగ్గరికి కాదు, కుర్చీ దగ్గరికి. వచ్చాక అందరికంటే ముందు ఈ మాట పోలికార్ప్‌తో చెప్పు."

ఒబిదియా మొహంలో సంతోషం వచ్చినట్టే వచ్చి ఆగిపోయింది. పొయ్యిలో మండుతున్న కాగితం వైపు చూడలేదు. కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ మెల్లగా అంది.

"వాడు నమ్మడు ప్రిన్సిపాలమ్మా. వెక్కిరిస్తున్నాననుకుంటాడు."

"అనుకుంటాడు" అంది ప్రిన్సిపాల్. పూజ గంట మోగుతోంది. ఆమె రవిక చేయి దించుకోకుండానే రోడ్డెక్కింది. "ఒక్కసారి చెబితే నమ్మేంత మంచిపేరు నీకెక్కడిది? నమ్మేదాకా చెబుతూ ఉండు."

ఒబిదియా దుంపల బుట్ట ముందు కూర్చుని, "ఆ మడమ బాగుంది పోలికార్పూ" అని ఒకసారి తనలో తానే అనిచూసుకుంది.